ఎముకలు గుల్లబారిన పేషెంటుతో బరువులు ఎత్తించవచ్చా? ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయి రెండేళ్ళయింది, చిన్న టౌన్‌లో సొంత క్లినిక్. 66 ఏళ్ళావిడ నడుం నొప్పితో వచ్చారు. డెక్సాలో, అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాన్‌లో, వెన్ను టి-స్కోరు -3.1 (ఈ అంకె ఎంత కిందికి ఉంటే సాంద్రత అంత తక్కువ). డాక్టరుగారు చీటీ మీద "ఫిజియోథెరపీ" అన్న ఒక్క మాటే రాశారు. ఎక్కడ ఏ ఎముక విరుగుతుందోనన్న భయంతో మీరు పది రోజులుగా ఐఎఫ్‌టీ (నొప్పికి పెట్టే కరెంటు మెషీను) పెట్టి, వేడి కాపడం ఇచ్చి పంపిస్తున్నారు. ఏ పరీక్షలు చేయాలి, ఏ ఎక్సర్‌సైజులు మానాలి, బరువులు ఎత్తించవచ్చా, బెల్టు ఇవ్వాలా అని అడిగారు.

బరువులు ఎత్తించవచ్చు. ఎత్తించాలి కూడా. కానీ ఈ వారం కాదు. ఆవిడ వెన్నులో ఇప్పటికే నలిగిన పూస ఉందో లేదో ముందు తేలాలి. ఆ -3.1 అంకె చూసి మీరు టెన్షన్ పడుతున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకిప్పుడు బరువుని చూస్తే భయం లేదు, గుండ్రంగా వంగిన వీపుని చూస్తేనే భయం.

ఈ భయం నాకు ఎలా పట్టుకుందో చెప్తాను. ప్రాక్టీసులో రెండో ఏడు, ఒకచోట జీతానికి పని చేసేవాణ్ణి. అక్కడ గోడ మీద విలియమ్స్ ఫ్లెక్షన్ ఎక్సర్‌సైజుల చార్టు ఉండేది. నడుం నొప్పి అని ఎవరొచ్చినా అదే. మోకాళ్ళు ఛాతీకి లాక్కోవడం, వెల్లకిలా పడుకుని సగం లేవడం, కాళ్ళు చాపి వేళ్ళు అందుకోవడం. డెబ్భై దాటిన మామ్మగారొకరు నాలుగో రోజు సగం లేస్తూ "అబ్బా, కలుక్కుమంది నాయనా" అన్నారు. కండరం పట్టిందనుకుని ఐస్ పెట్టి పంపాను. వారం తరవాత వాళ్ళబ్బాయి ఎక్స్-రే తెచ్చి లైటుకి పెట్టి చూపించాడు. డి12 పూస (ఛాతీ వెనకుండే పన్నెండు పూసల్లో ఆఖరిది) ముందు వైపు నలిగి, పక్క నుంచి చూస్తే కోసిన జున్ను ముక్కలా వాలిపోయి ఉంది. "నీదేం తప్పు, నా ఎముకలే పిండైపోయాయి" అన్నారావిడ. తప్పు నాదే. ఆవిడ ఎత్తు ఎంత తగ్గిందో కూడా నేను అడగలేదు.

పూస లోపల ఉండేది స్పాంజిలాంటి ఎముక. గుల్లబారినప్పుడు ముందు దెబ్బ తినేది అదే. నిటారుగా ఉన్నప్పుడు పూసల మీద బరువు పరుచుకుంటుంది. వీపు గుండ్రంగా చేసి వంగితే ఆ బరువంతా ముందు అంచు మీదకి వచ్చి పడుతుంది. అందుకే పూసలు ఎక్కువగా ముందువైపే నలుగుతాయి, అదీ ఎక్కువగా డి7, డి8 దగ్గరో, డి12, ఎల్1 (నడుం పూసల్లో మొదటిది) దగ్గరో. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సినాకి, మికెల్సన్ అనే ఇద్దరు 1984లో ప్రచురించిన అధ్యయనం మనవాళ్ళందరూ ఒకసారి చదవాలి. వెన్ను గుల్లబారిన 59 మంది ఆడవాళ్ళు. వీపుని వెనక్కి నిలబెట్టే ఎక్సర్‌సైజులు చేసినవాళ్ళలో 16 శాతం మందికి కొత్తగా పూసలు నలిగాయి. ముందుకు వంగే ఎక్సర్‌సైజులు చేసినవాళ్ళలో 89 శాతం మందికి. ఏమీ చేయనివాళ్ళలో 67 శాతం. అంటే నేను మామ్మగారితో చేయించినదాని కన్నా ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోవడమే నయం. అధ్యయనం చిన్నదే, పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. అయినా చదివిన మర్నాడే ఆ చార్టు పీకేశాను.

ఇక మీ పేషెంటు. రేపు రాగానే మెషీను పెట్టకండి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి.

మొదట ఎత్తు. వయసులో ఉన్నప్పటి ఎత్తు మన ఆడవాళ్ళలో చాలామందికి తెలియదు. నేను వేరేగా అడుగుతాను. "పాత లంగాలు ఈ మధ్య నేలకి రాసుకుంటున్నాయా? చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోవాల్సి వస్తోందా? ఇదివరకు అందిన షెల్ఫు ఇప్పుడు అందట్లేదా?" అవునంటే చెవులు రిక్కించండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గినా, మీరు కొలవడం మొదలుపెట్టాక 2 సెంటీమీటర్లు తగ్గినా, పూస నలిగిందేమో చూడాల్సిందే. గోడకి ఒక టేపు అంటించుకోండి, ప్రతి మూడు నెలలకీ కొలిచి రాయండి. రూపాయి ఖర్చు లేదు.

తరవాత మడమలు, పిర్రలు, వీపు గోడకి ఆనించి నిలబెట్టండి. గడ్డం పైకెత్తకుండా తల వెనక భాగం గోడకి తగలాలి. తగలకపోతే ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో రాసుకోండి. అలాగే పక్కన నిలబడి, అన్నిటి కన్నా కింది పక్కటెముకకీ కటి ఎముక పై అంచుకీ మధ్య మీ వేళ్ళు పెట్టి చూడండి. రెండు వేళ్ళో, అంతకన్నా తక్కువో పడుతుంటే నడుం పూసలు కుంగాయని అనుమానించాలి. ఇలాంటివాళ్ళు తరచుగా "రెండు ముద్దలు తినేసరికి పొట్ట నిండిపోతోందండీ" అంటారు. అరుగుదల సమస్య అనుకుని గ్యాస్ మాత్రలు వేసుకుంటూ ఉంటారు. పక్కటెముకలు వచ్చి పొట్ట మీద కూర్చుంటే మరి చోటెక్కడ?

నొప్పి ఎలా మొదలైందో వివరంగా అడగండి. పూస నలగడానికి పడిపోనక్కర్లేదు. గ్యాస్ బండ జరిపినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో, బస్సు వెనక సీట్లో కూర్చుని స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడ్డప్పుడో నలుగుతుంది. పక్క మీద అటూ ఇటూ తిరగడానికి ప్రాణం పోతోందని, వెల్లకిలా పడుకోలేకపోతున్నానని అంటే నా అనుమానం గట్టిపడుతుంది. అద్దం ముందు నిలబెట్టి, ముఖం చూస్తూ, పిడికిలితో పూసల మీద పైనుంచి కిందకి మెల్లగా తట్టుకుంటూ రండి. ఒకచోట మొహం చిట్లిస్తారు. అక్కడ ఆగిపోండి. వెన్నుపూసల ఫ్రాక్చర్లలో మూడింట రెండు వంతులు ఎవరి కంటా పడకుండానే పోతాయి, "వయసు నొప్పులు" అనే పేరు మీద.

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా డాక్టరుగారికి రెండు లైన్లు రాయండి: ఎత్తు ఇంత తగ్గింది, ఫలానా చోట తడితే నొప్పి, డోర్సో-లంబార్ లాటరల్ ఎక్స్-రే (ఛాతీ, నడుం పూసల్ని పక్క నుంచి తీసేది) చూస్తే బాగుంటుంది అని. మనం రాస్తే ఏమనుకుంటారో అని జంకకండి. మర్యాదగా కొలతలతో రాసిన చీటీకి విసుక్కున్న డాక్టరు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే టీబీ, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే కేన్సర్), ఎక్కడి నుంచో పాకిన కేన్సర్ గుర్తుకు రావాలి. కాళ్ళు బలహీనపడటం, మూత్రం ఆగడమో తెలియకుండా పోవడమో ఉంటే అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

మందులు, ఆపరేషన్ల సంగతి కూడా మనమే అడగాలి. ఇక్కడ నాలుగు ప్రశ్నలు ఎప్పుడూ వదలను.

గర్భసంచి తీయించుకున్నారా, ఎన్నో ఏట, దానితో అండాశయాలు కూడా తీశారా? ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగేది మన రెండు రాష్ట్రాల్లోనే. ముప్ఫై ఐదేళ్ళకే అయిపోయినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. అండాశయాలు కూడా పోతే ఎముక అరగడం ఆనాటి నుంచే మొదలవుతుంది.

ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో ఊళ్ళో పొట్లాం కట్టి ఇచ్చే మందు వాడారా? "వేసుకోగానే చేత్తో తీసేసినట్టు పోయింది" అన్నారంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి.

ఎముక అరగకుండా ఆర్నెల్లకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్నారా? ఉంటే పోయినసారి ఎప్పుడు వేయించుకున్నారు? ఖరీదని, ఊరెళ్ళామని ఇది మానేస్తుంటారు. మానేస్తే ఎముక వేగంగా వెనక్కి జారి, వరసగా రెండు మూడు పూసలు నలిగిపోయే ప్రమాదం ఉంది. గడువు దాటితే ఎక్సర్‌సైజు కన్నా ముందు డాక్టరుగారికి ఫోను చేయించండి.

ఏళ్ళ తరబడి అలెండ్రోనేట్ లాంటి ఎముకల మాత్రలు వేసుకుంటూ, దెబ్బ తగలకుండానే తొడలోనో గజ్జలోనో నొప్పి అంటున్నారా? అది తొడ ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. అరుదే, కానీ దాని మీద గెంతించకూడదు.

డెక్సా గురించి చిన్న మాట. నలిగిన పూస, వయసుతో మొలిచిన ఎముక ముళ్ళు స్కాన్‌లో దట్టంగా కనిపించి వెన్ను టి-స్కోరుని ఉన్నదాని కన్నా మెరుగ్గా చూపిస్తాయి. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో కూడా అంతే. ఎముక దట్టంగా కనిపిస్తుంది కానీ పెళుసుగా ఉంటుంది. తుంటి స్కోరు కూడా చూడండి. -2.5, అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీత. ఆ గీతకి పైన ఉన్నవాళ్ళకీ ఎముకలు విరుగుతాయి.

పరీక్షల్లో చేయకూడనివి. నిలబడి వంగి వేళ్ళు నేలకి తాకించమనడం, స్లంప్ టెస్ట్ (కూర్చోబెట్టి వీపు, మెడ వంచి కాలు చాపించడం), వెన్ను మీద బొటనవేళ్ళతో నొక్కి చూసే పీఏ మొబిలైజేషన్, మానిప్యులేషన్ (పూసల్ని ఒక్క ఊపుతో కదిలించడం). ఈ చివరిదైతే ఎవరు బతిమాలినా వద్దు. ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోండి. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకునే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. నా పేషెంటొకావిడ నా దగ్గరికి రాకముందు మనవడి చేత రెండుసార్లు తొక్కించుకున్నారు. "వాడు తేలికేనండీ, ముప్ఫై కిలోలే" అన్నారు.

చేయాల్సినవి తేలికైనవే. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి వచ్చి కూర్చోవడం, 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. చేతులు కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడగలరా. బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. పై అంకె 20 పడిపోతే ఆవిడ బాత్రూమ్‌లో ఎందుకు తూలుతున్నారో మీకు తెలిసిపోయింది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మేది ఇంకొకటి. క్లినిక్ నేల మీద సుద్ద ముక్క ఇచ్చి "రోజూ ముగ్గు ఎలా వేస్తారో వేసి చూపించండమ్మా" అంటాను, కానీ రెండు చుక్కలు పెట్టగానే ఆపేస్తాను. కాళ్ళు నిటారుగా ఉంచి, నడుం దగ్గర సగానికి మడిచి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని వేస్తారు. తరవాత పొట్టి చీపురు, ఆ పైన ఖాళీ బిందె. ఆవిడ రోజుకి ఎన్నిసార్లు ఏ కోణంలో వంగుతారో అప్పుడు తెలుస్తుంది. మీరు క్లినిక్‌లో వంగనివ్వకుండా ఎన్ని జాగ్రత్తలు పడినా, ఇంటికెళ్ళి గంటసేపు అలా ఊడిస్తే ఏం లాభం?

అందుకే నేను నేర్పే మొదటి ఎక్సర్‌సైజు వంగడమే. నడుంలో కాదు, తుంటి దగ్గర. గోడకి అడుగు దూరంలో వీపు పెట్టి నిలబెట్టి "చేతిలో సామాను ఉంది, వెనకున్న తలుపు పిర్రలతో నెట్టండి" అంటాను. ఈ మాట అందరికీ వెంటనే అర్థమవుతుంది. వీపుకి నిలువుగా ఒక కర్ర పెట్టి, తల వెనక, భుజాల మధ్య, పిర్రల పైన మూడు చోట్లా అది తగిలి ఉండేలా వంగమనాలి. ఏ ఒక్క చోట కర్ర లేచినా అక్కడికి చాలు. రెండు వారాలు ఇదే, కుర్చీలోంచి లేవడంతో కలిపి. పక్క మీద నుంచి లేవడం కూడా: ముందు ఒళ్ళంతా ఒక దుంగలా పక్కకి తిప్పి, కాళ్ళు దించి, చేత్తో నొక్కి లేవాలి.

ఎక్స్-రేలో కొత్త ఫ్రాక్చర్ లేదని తేలాక, మూడో వారం నుంచి వీపు కండరాలు. పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టి, ఛాతీ నేల నుంచి కొద్దిగా మాత్రమే ఎత్తించాలి, చూపు నేల మీదే. బోర్లా పడుకోలేకపోతే కుర్చీలో కూర్చుని మోచేతులు వెనక్కి లాగడం. సినాకి బృందమే ఆడవాళ్ళ చేత రెండేళ్ళపాటు వీపు మీద బరువు సంచి కట్టి ఈ బోర్లా ఎక్సర్‌సైజు చేయించి, మొత్తం పదేళ్ళ తరవాత మళ్ళీ ఎక్స్-రేలు తీసింది. చేసినవాళ్ళ పూసల్లో 1.6 శాతం నలిగాయి, చేయనివాళ్ళ పూసల్లో 4.3 శాతం. ఎక్సర్‌సైజు ఆపేసి ఎనిమిదేళ్ళయినా ఆ తేడా నిలిచింది.

ఇక బరువులు. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే ట్రయల్ జరిగింది. ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్ళు, అందరూ 58 దాటినవాళ్ళే. సగం మంది చేత ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు, అరగంటసేపు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు ఎత్తి నిటారుగా నిలబడటం), స్క్వాట్ (బరువుతో గుంజీలు), తల మీదకి బరువెత్తడం, వేలాడి కిందకి దూకడం చేయించారు. బరువు కూడా ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగినదాంట్లో 85 శాతానికి పైన, ఐదేసి సార్లు ఐదు సెట్లు. వాళ్ళ నడుం పూసల సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి ఎక్సర్‌సైజులు చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. గాయం అంటే ఒకరికి నడుం పట్టడం, అంతే.

ఇది చదివి రేపే బార్‌బెల్ కొనకండి. అక్కడ మొదటి నెల పద్ధతి నేర్పడానికే సరిపోయింది, ప్రతి సెషనూ నిపుణులు పక్కనే ఉండి చేయించారు. అప్పుడే పూస నలిగినవాళ్ళ కోసం చేసిన పని కాదది. నేను ఆ ట్రయల్ నుంచి తీసుకున్నది ధైర్యం మాత్రమే. నా దగ్గర ఖాళీ నూనె డబ్బాలు ఉన్నాయి. నీళ్ళు పోస్తే లీటరుకి కిలో, లెక్క తేలిక. స్టూలు మీద పెట్టి అక్కడి నుంచి ఎత్తిస్తాను, నేల మీద నుంచి కాదు. పన్నెండు సార్లు సులువుగా, కర్ర మూడు చోట్లా తగిలే ఉండగా ఎత్తగలిగితే ఒక లీటరు పెంచుతాను. ఊపిరి బిగపట్టనివ్వను, ఎత్తుతూ లెక్క పైకి చెప్పమంటాను. రిటైరైన టీచరుగారొకరు, టి-స్కోరు -2.9, మూడు లీటర్లతో మొదలుపెట్టి ఐదు నెలల్లో పదహారుకి వచ్చారు. స్కోరు ఎంత మారిందో చెప్పను, ఐదు నెలల్లో డెక్సా తీయడం డబ్బు దండగ. ఆవిడ మాత్రం పనిమనిషి రాని రోజు బియ్యం బస్తా తనే జరిపానని ఫోన్ చేశారు. సంతోషించాలో తిట్టాలో తెలియలేదు.

"రోజూ గంట నడుస్తున్నానండీ, చాలదా?" అని మీ పేషెంటు అడిగి తీరుతుంది. గుండెకి, షుగరుకి మంచిది, మానొద్దని చెప్పండి. ఎముక సాంద్రతకి మాత్రం నడక ఒక్కటే చాలదు. ఎముకకి అలవాటు లేని భారం తగలాలి. బ్యాలెన్సుకీ విడిగా టైమ్ ఇవ్వాలి: వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద, పాలు కాగేంతసేపు. ఎందుకంటే తుంటి విరిగేది ఎక్కువగా పడిపోవడం వల్లే.

యోగా చేస్తున్నానంటే మాన్పించకండి, ఏమేం చేస్తున్నారో అడగండి. పశ్చిమోత్తానాసనం, హలాసనం, సర్వాంగాసనం, సూర్య నమస్కారాల్లో ముందుకు వంగే భాగం ఆపించండి. తాడాసనం, వీరభద్రాసనం, గోడ పక్కన వృక్షాసనం, కొద్దిగా మాత్రమే లేచే భుజంగాసనం ఉండనివ్వండి. యోగా గురువుగారికి మీరే ఫోన్ చేసి చెప్తే ఇంకా మంచిది, పేషెంటు మధ్యలో నలిగిపోకుండా ఉంటుంది.

ఎక్స్-రేలో కొత్తగా నలిగిన పూస కనిపిస్తే పైన చెప్పిన బరువులన్నీ పక్కన పెట్టండి. అలాగని మంచానికి అతికించనూ వద్దు. మంచం మీద గడిచే ప్రతి వారం ఎముకా కండా రెండూ కరిగిపోతాయి. నొప్పికి మందు డాక్టరు చూసుకుంటారు. మీరు దుంగలా తిరగడం నేర్పండి, కొద్దికొద్దిగా నడిపించండి, రోజులో రెండు మూడుసార్లు పావుగంట వెల్లకిలా పడుకోబెట్టి వీపుకి విశ్రాంతి ఇవ్వండి, ఆ భంగిమలోనే భుజాలు పరుపులోకి మెల్లగా నొక్కించండి. సుమారు మూడు నెలలకి, నొప్పి తగ్గి డాక్టరు సరేనన్నాక, కర్ర దగ్గర నుంచి మళ్ళీ మొదలు.

చివరిగా బెల్టు. ఫ్రాక్చర్ లేకపోతే ఇవ్వకండి. నడుంకి చుట్టుకునే మెత్తటి బెల్టు ఎముకని కాపాడదు, కట్టుకున్నాం కదా అని ధైర్యంగా వంగుతారు. కొత్త ఫ్రాక్చర్ ఉంటే డాక్టరు టేలర్ బ్రేస్ (వీపుని నిటారుగా పట్టి ఉంచే గట్టి పట్టీ) రాస్తారు. లేచి తిరిగేటప్పుడు కొన్ని వారాలు అది నొప్పికి పనికొస్తుంది. ఎప్పుడు తీసేయాలో మొదటి రోజే తేదీ వేసి రాయించుకోండి. నేను చూసిన ఒకాయన మూడేళ్ళుగా స్నానానికి తప్ప తీయలేదు. ఎందుకని అడిగితే, "తీసేయమని ఎవరూ చెప్పలేదు కదండీ" అన్నారు.